ఉపగ్రహ చిత్రాలతో మేఘావరణ దైనిక మార్పుల అంచనా: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలకు అన్వయం

గ్రామీణ కృషి మౌసమ్ సేవ కింద ప్రతి మంగళవారం, శుక్రవారం వెలువడే వ్యవసాయ వాతావరణ సలహా పత్రంలో రానున్న ఐదు రోజుల అంచనాలు ఎనిమిది అంశాలుగా ఉంటాయి. వర్షపాతం, గరిష్ఠ ఉష్ణోగ్రత, కనిష్ఠ ఉష్ణోగ్రత, ఉదయపు తేమ, సాయంత్రపు తేమ, గాలి వేగం, గాలి దిశ, మేఘావరణం. వీటిలో మొదటిది రైతు దృష్టిని వెంటనే ఆకర్షిస్తుంది. చివరిదానిపై నిలిచే చూపు తక్కువ. అక్కడ రోజుకు ఒక అంకె, సున్నా నుంచి ఎనిమిది లోపు, ఆక్టాలలో కనిపిస్తుంది.

ఉత్తర తెలంగాణ పంటల క్రమాన్ని గమనిస్తే ఈ అంకెకు ఉన్న విలువ బోధపడుతుంది. వానాకాలం వరికి చిరుపొట్ట దశ నుంచి గింజ గట్టిపడే వరకు అందే ఎండ దిగుబడిని నిర్ణయిస్తుంది. కోరుట్ల, మెట్‌పల్లి ప్రాంతాల్లో ఉడికించిన పసుపు కొమ్ములు ఆరడానికి వరుసగా ఎండ రోజులు కావాలి. జగిత్యాల మామిడి తోటల్లో పూత సమయాన మబ్బు పట్టితే తేనెమంచు పురుగు, బూడిద తెగులు ఉధృతమవుతాయి. సిరిసిల్ల మండలాల్లో యాసంగి ధాన్యం కల్లాల్లో ఆరుతున్న ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం తర్వాత లేచే మబ్బు ఆరు నెలల శ్రమను గంటలో తడిపివేయగలదు.

ఈ అవసరాలలో ఏ ఒక్కదానికీ రోజంతటి సగటు మేఘావరణం సరిపోదు. మబ్బు ఎంత అన్నదానితోపాటు పగటిలో ఏ వేళ ఉన్నదో తెలియాలి. వాతావరణ ఉపగ్రహాలు అరగంటకోసారి పంపే చిత్రాలు ఈ సమాచారాన్ని ఇవ్వగలవు. అయితే నేలమీది పరిశీలనతో సరిచూసినప్పుడే అది నమ్మదగినదవుతుంది. ఆ కొలత ఎలా జరుగుతుంది, ఎక్కడ తడబడుతుంది, సలహాలోకి ఎలా చేరాలి అన్నవి ఈ వ్యాసంలోని విషయాలు.

నేలపై నుంచి మేఘావరణ పరిశీలన

ఆకాశాన్ని ఎనిమిది సమాన భాగాలుగా ఊహించి, అందులో ఎన్ని భాగాలను మబ్బు కప్పిందో కంటితో అంచనా వేయడమే ఆక్టా పద్ధతి. నిర్మలాకాశానికి సున్నా, పూర్తిగా కమ్ముకున్న ఆకాశానికి ఎనిమిది. పొగమంచు వంటి కారణాల వల్ల ఆకాశమే కనిపించకపోతే తొమ్మిది అని నమోదు చేస్తారు. వ్యవసాయ వాతావరణ పరిశీలనాలయాల్లో ఈ నమోదు స్థానిక కాలమానం ప్రకారం ఉదయం 7 గంటలకు, మధ్యాహ్నం 2 గంటలకు జరుగుతుంది. జగిత్యాల రేఖాంశం సుమారు 78.9 డిగ్రీలు కాబట్టి అక్కడి స్థానిక కాలం భారత ప్రామాణిక కాలం కంటే 14 నిమిషాలు వెనుక ఉంటుంది.

ఈ పద్ధతికి ఖర్చు లేదు, పరికరం అవసరం లేదు. మేఘపు రకాన్ని, దాని అడుగు భాగపు ఎత్తును పరిశీలకుడు గుర్తించగలడు. ఉపగ్రహానికి కనిపించేది మేఘపు పైభాగమే కాబట్టి ఈ సమాచారం నేలపై నుంచే రావాలి. లోపం ఎక్కడంటే, రెండు పరిశీలనల నడుమ ఏడు గంటలు ఖాళీగా ఉంటాయి. పైగా దిగంతం వైపు చూసినప్పుడు మేఘాల పక్కభాగాలు కూడా కనిపించి, వాటి నడుమనున్న ఖాళీలు కప్పబడతాయి. అందువల్ల విడివిడి క్యుములస్ మేఘాలున్న రోజున నేలమీది అంచనా వాస్తవం కంటే కొంత ఎక్కువగా వస్తుంది.

ఎండ గంటలను నమోదు చేసే క్యాంప్‌బెల్-స్టోక్స్ పరికరం ఈ లోటును కొంత పూడుస్తుంది. 1853లో జాన్ ఫ్రాన్సిస్ క్యాంప్‌బెల్ రూపొందించిన గాజు గోళానికి 1879లో జార్జ్ స్టోక్స్ లోహపు చట్రాన్ని, కాగితపు అట్టను జతచేశారు. సూర్యుని నుంచి నేరుగా వచ్చే కిరణాల తీవ్రత చదరపు మీటరుకు సుమారు 120 వాట్లు దాటినప్పుడు అట్ట కాలి గీత పడుతుంది. మబ్బు అడ్డువస్తే గీత తెగుతుంది. అట్టపై గంటల గుర్తులు ఉంటాయి కాబట్టి మబ్బు ఏ వేళ వచ్చిందో అదే చెబుతుంది. కానీ రోజు చివర గీత పొడవును కలిపి "ఇన్ని ఎండ గంటలు" అని మొత్తాన్ని మాత్రమే వాడితే ఆ విలువైన వివరం మరుగున పడుతుంది.

ఆకాశం నుంచి చూపు

వాతావరణ పరిశీలనకు ఉద్దేశించిన తొలి విజయవంతమైన ఉపగ్రహం టైరోస్-1ను అమెరికా 1960 ఏప్రిల్ 1న ప్రయోగించింది. మన దేశానికి భూస్థిర కక్ష్య నుంచి నిరంతరం మేఘ చిత్రాలు అందడం 1983 ఆగస్టు 30న ప్రయోగించిన ఇన్శాట్-1బితో స్థిరపడింది. ప్రపంచవ్యాప్తంగా ఉపగ్రహ మేఘ చిత్రాలను ఒకే పద్ధతిలో విశ్లేషించే అంతర్జాతీయ మేఘ కార్యక్రమం కూడా అదే సంవత్సరం జూలైలో మొదలైంది. 2002 సెప్టెంబరు 12న శ్రీహరికోట నుంచి వెళ్ళిన మెట్‌శాట్‌కు మరుసటి ఏడాది కల్పనా చావ్లా స్మృత్యర్థం కల్పన-1 అని పేరు పెట్టారు.

ప్రస్తుత తరం ఇన్శాట్-3డితో ఆరంభమైంది. అది 2013 జూలై 26న, ఇన్శాట్-3డిఆర్ 2016 సెప్టెంబరు 8న, ఇన్శాట్-3డిఎస్ 2024 ఫిబ్రవరి 17న కక్ష్యలోకి చేరాయి. భూమధ్యరేఖకు సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తున, భూభ్రమణంతో సమానంగా తిరుగుతూ ఇవి ఒకే చోట నిలిచినట్లు ఉంటాయి. ఇన్శాట్-3డికి 82 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని, 3డిఆర్‌కు 74 డిగ్రీల రేఖాంశాన్ని కేటాయించారు. ఒక్కొక్కటి అరగంటకు ఒక చిత్రం తీస్తుంది. రెండింటి సమయాలను ఎడంగా అమర్చినప్పుడు పావుగంటకు ఒక చిత్రం దొరుకుతుంది.

వీటిలోని చిత్రగ్రాహకానికి ఆరు ఛానెళ్లు ఉన్నాయి. దృశ్యకాంతి, హ్రస్వతరంగ పరారుణ ఛానెళ్లలో ఒక్కో పిక్సెల్ ఉపగ్రహానికి సరిగ్గా దిగువన 1 కిలోమీటరు వెడల్పును చూపుతుంది. మధ్య పరారుణ ఛానెల్‌లో, రెండు ఉష్ణ పరారుణ ఛానెళ్లలో ఇది 4 కిలోమీటర్లు, నీటి ఆవిరి ఛానెల్‌లో 8 కిలోమీటర్లు. ఈ ఛానెళ్లు చూసేది వేర్వేరు గుణాలను. దృశ్యకాంతిలో దట్టమైన మేఘం తెల్లగా, పంట నేల ముదురుగా, నీరు ఇంకా ముదురుగా కనిపిస్తాయి. ఉష్ణ పరారుణంలో వెలుగుతో పని లేదు. మేఘపు పైభాగం ఎంత చల్లగా ఉంటే అంత ఎత్తున ఉన్నట్లు లెక్క. రుతుపవన కాలంలో ఎదిగిన క్యుములోనింబస్ శిఖరాలు సున్నాకు దిగువన 60 డిగ్రీల కంటే చల్లగా ఉండడం అరుదేమీ కాదు.

టెర్రా, ఆక్వా వంటి ధ్రువ కక్ష్య ఉపగ్రహాల్లోని మోడిస్ పరికరం మరింత సూక్ష్మంగా చూస్తుంది. అయితే పగటిపూట అవి ఒక ప్రాంతంపైకి వచ్చేది ఉదయం ఒకటి, మధ్యాహ్నం మరొకటి. పగటి మార్పును అనుసరించడానికి భూస్థిర ఉపగ్రహమే తగినది. ధ్రువ కక్ష్య ఉపగ్రహం దానిని సరిచూడడానికి పనికివస్తుంది.

చిత్రం నుంచి ఆక్టా వరకు

ఉపగ్రహ చిత్రం నుంచి మేఘావరణాన్ని లెక్కించడం నాలుగు దశల్లో జరుగుతుంది.

మొదటి దశలో స్థలాన్ని ఎంచుకోవాలి. ఒక గ్రామపు బిందువును కాకుండా దాని చుట్టూ 20 కిలోమీటర్ల చదరాన్ని తీసుకోవడం మేలు. నేలపై పరిశీలకుడు చూసే ఆకాశం కూడా ఒక బిందువు కాదు, విశాలమైన గుమ్మటం. అటువంటి చదరంలో ఉష్ణ పరారుణ పిక్సెళ్లు సుమారు 25, దృశ్యకాంతి పిక్సెళ్లు సుమారు 400 ఉంటాయి.

రెండో దశలో నిర్మలాకాశ నేపథ్యాన్ని తయారు చేయాలి. గడచిన పది, పదిహేను రోజుల్లో ఒకే వేళ తీసిన చిత్రాలన్నింటినీ పేర్చి, ప్రతి పిక్సెల్‌కు అత్యంత ముదురు విలువను, అత్యంత వెచ్చని విలువను ఎంచుకుంటే మబ్బు లేని నేల రూపం లభిస్తుంది. మేఘం నీడ పడిన పిక్సెల్ కూడా ముదురుగా ఉంటుంది కాబట్టి, అన్నిటికంటే ముదురు విలువకు బదులు దాని తర్వాతి విలువను తీసుకోవడం సురక్షితం.

మూడో దశలో ప్రతి పిక్సెల్‌ను ఆ నేపథ్యంతో పోల్చాలి. నేపథ్యం కంటే నిర్ణీత హద్దును మించి తెల్లగా గానీ, చల్లగా గానీ ఉంటే మేఘమని గుర్తించాలి. రెండు ఉష్ణ పరారుణ ఛానెళ్ల మధ్య వ్యత్యాసం పలుచని సిర్రస్‌ను పట్టిస్తుంది. రాత్రివేళ మధ్య పరారుణ, ఉష్ణ పరారుణ ఛానెళ్ల వ్యత్యాసం తక్కువ ఎత్తు మేఘాన్ని, పొగమంచును పట్టిస్తుంది. ఈ విధంగా రూపొందించిన మేఘ పటాలు భారత వాతావరణ విభాగం నుంచి, అహ్మదాబాద్‌లోని అంతరిక్ష అనువర్తన కేంద్రం నిర్వహించే మోస్‌డాక్ నుంచి లభిస్తాయి. కాబట్టి విద్యార్థి ప్రతిదీ మొదటి నుంచి లెక్కించనవసరం లేదు. అయితే లెక్క వెనుక జరిగేది తెలియకపోతే దాని తప్పును గుర్తించలేడు.

నాలుగో దశ భాగహారం. 400 పిక్సెళ్లలో 150 మేఘంగా తేలితే మేఘావరణం 0.375, అంటే 3 ఆక్టాలు. ప్రతి చిత్రానికి ఇలా ఒక అంకె వస్తుంది. రోజుకు 48 చిత్రాలు, ఆగస్టు నడుమ పగటికి సుమారు 25. ఈ వరుసలో ఒక విలువకు, దాని తర్వాతి విలువకు ఉన్న తేడా అరగంట మార్పు. నేటి ఒక వేళ విలువకు, నిన్నటి అదే వేళ విలువకు ఉన్న తేడా దినాంతర మార్పు. ఈ రెంటినీ వేరుగా ఉంచాలి. మొదటిది కల్లంలోని ధాన్యానికి, రెండోది తెగుళ్ల హెచ్చరికకు పనికివస్తాయి.

సగటు ఒకటే, పంటకు అందిన శక్తి వేరు

జగిత్యాల అక్షాంశమైన 18.8 డిగ్రీల వద్ద ఆగస్టు 15న పగటి నిడివి సుమారు 12.6 గంటలు. ఆ రోజు వాతావరణం పైభాగాన చదరపు మీటరుకు అందే సౌరశక్తి సుమారు 38.3 మెగాజౌళ్లు. ఇందులో నేలకు చేరేది ఎంతో అంచనా వేయడానికి ఆంగ్‌స్ట్రోమ్-ప్రెస్కాట్ సూత్రాన్ని వాడతారు. స్థానిక గుణకాలు లేనిచోట ప్రపంచ ఆహార, వ్యవసాయ సంస్థ సూచించిన రూపం ఇది:

నేలకు చేరే శక్తి = (0.25 + 0.50 × ఎండ గంటలు ÷ పగటి నిడివి) × వాతావరణం పైభాగాన అందే శక్తి

దీని ప్రకారం 9 గంటలు ఎండ కాసిన రోజున సుమారు 23.2 మెగాజౌళ్లు, 3 గంటలే కాసిన రోజున 14.1, అసలు ఎండ లేని రోజున 9.6 మెగాజౌళ్లు పంటకు అందుతాయి. ఎండ గంటలతో అంచనా వేసే ఈ సూత్రం నెల సగటుకు బాగానే సరిపోతుంది. ఒక్కో రోజుకు వచ్చేసరికి ఏమవుతుందో చూద్దాం.

ఉదాహరణ కోసం రెండు రోజులను ఊహించుకుందాం. సూర్యుడు నడినెత్తికి చేరే వేళ ఆగస్టు నడుమ జగిత్యాలలో సుమారు 12.20. మొదటి రోజు ఉదయం 9.20 నుంచి మధ్యాహ్నం 3.20 వరకు ఆకాశం పూర్తిగా కమ్ముకుని, మిగిలిన పగలంతా నిర్మలంగా ఉంది. రెండో రోజు ఇందుకు విరుద్ధంగా ఆ ఆరు గంటలూ నిర్మలంగా ఉండి, ఉదయం, సాయంత్రం మబ్బు పట్టింది. పరిశీలనాలయంలో మొదటి రోజు 7 గంటలకు సున్నా, 2 గంటలకు ఎనిమిది నమోదవుతాయి. రెండో రోజు 7 గంటలకు ఎనిమిది, 2 గంటలకు సున్నా. రెండింటి సగటు 4 ఆక్టాలే. ఎండ గంటలు మొదటి రోజు 6.6, రెండో రోజు 6. అంటే రికార్డు ప్రకారం మొదటి రోజే కొంత ఎండ ఎక్కువ.

వాస్తవం మరోలా ఉంటుంది. పగటి నడుమనున్న ఆ ఆరు గంటల్లోనే వాతావరణం పైభాగాన అందే శక్తిలో 68 శాతం వస్తుంది. మిగిలిన ఆరున్నర గంటల్లో వచ్చేది 32 శాతం. పై సూత్రంలోని గుణకాల ప్రకారమే, నిర్మలంగా ఉన్నప్పుడు 75 శాతం, కమ్ముకున్నప్పుడు 25 శాతం శక్తి కిందికి దిగుతుందని తీసుకుంటే మొదటి రోజు పంటకు అందేది సుమారు 15.7 మెగాజౌళ్లు, రెండో రోజు 22.6. ఎండ గంటలు తక్కువగా నమోదైన రోజునే శక్తి దాదాపు 7 మెగాజౌళ్లు ఎక్కువగా అందింది. ఇటువంటి పది రోజులు వరుసగా వస్తే తేడా సుమారు 69 మెగాజౌళ్లకు చేరుతుంది.

ఈ తేడా వరికి ఎప్పుడు తగులుతుందన్నది ముఖ్యం. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో యోషిదా, పరావో 1976లో వెలువరించిన విశ్లేషణ ప్రకారం పిలక దశలో వెలుగు తగ్గితే దిగుబడిపై ప్రభావం స్వల్పం. చిరుపొట్ట నుంచి ఈనిక వరకు తగ్గితే వెన్నుకు గింజల సంఖ్య పడిపోతుంది. ఈనిన తర్వాత తగ్గితే తాలు పెరుగుతుంది. పొలాస పరిశోధన స్థానం రూపొందించిన జగిత్యాల సన్నాలు, అంటే జె.జి.ఎల్. 1798 వంటి సుమారు నాలుగు నెలల రకాన్ని జూన్ నడుమ నారు పోస్తే, చిరుపొట్ట దశ ఆగస్టు రెండో వారం ప్రాంతంలో మొదలై సెప్టెంబరు నడుమ ఈనుతుంది. రుతుపవన మేఘాలు దట్టంగా ఉండే కాలమే అది. వానాకాలం దిగుబడి ఒక ఏడాది తగ్గినప్పుడు కారణం ఎరువా, తెగులా, వెలుగా అన్నది తేల్చాలంటే ఆ నెల రోజుల మేఘావరణం గంటలవారీగా చేతిలో ఉండాలి.

మూడు పట్టణాలు, ఎన్ని ఆకాశాలు?

కోరుట్ల జగిత్యాలకు పడమరగా నేరుగా సుమారు 20 కిలోమీటర్ల దూరంలో, సిరిసిల్ల దక్షిణంగా సుమారు 45 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. ఉష్ణ పరారుణ పిక్సెళ్లలో చెప్పాలంటే మొదటి దూరం ఐదు, రెండోది పదకొండు. జగిత్యాల చుట్టూ, కోరుట్ల చుట్టూ గీసిన 20 కిలోమీటర్ల చదరాలు పక్కపక్కనే ఒరుసుకుని ఉంటాయి. సిరిసిల్ల చదరం పూర్తిగా విడిగా ఉంటుంది. అల్పపీడనం వల్ల రోజుల తరబడి ముసురు పట్టినప్పుడు మూడింటి అంకెలూ ఒకటే కావచ్చు. క్యుములస్ మేఘాలు ఉదయం పుట్టి మధ్యాహ్నానికి ఎదిగే రోజున మూడూ మూడు రకాలుగా ఉంటాయి. ఒక పరిశీలనాలయపు అంకెను మూడు ప్రాంతాలకూ వర్తింపజేయడం ముసురు రోజున చెల్లుతుంది, రెండో రకం రోజున చెల్లదు.

కాలం విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. సెకనుకు 10 మీటర్ల గాలిలో కదిలే మేఘం అరగంటలో 18 కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. రుతుపవన కాలంలో కింది వాతావరణపు గాలులు పడమటి నుంచి వీస్తాయి కాబట్టి, ఒక చిత్రంలో కోరుట్లపై ఉన్న మేఘం తర్వాతి చిత్రంలో జగిత్యాలపై ఉండవచ్చు. రెండు చోట్ల మేఘావరణం పెరిగిందని లెక్క చూపినా కదిలింది ఒకే మేఘం. పావుగంట చిత్రాలు దొరికినప్పుడు వాటిని వాడడం ఇందుకే.

స్థానం విషయంలో మరొక సూక్ష్మం ఉంది. భూమధ్యరేఖపైనున్న ఉపగ్రహం మన ప్రాంతాన్ని నిటారుగా కాక, సుమారు 22 డిగ్రీల వాలుతో చూస్తుంది. అందువల్ల ఎత్తైన మేఘం తన నిజస్థానం నుంచి ఉత్తరానికి జరిగినట్లు కనిపిస్తుంది. దీనినే పారలాక్స్ అంటారు. శిఖరం 12 కిలోమీటర్ల ఎత్తున ఉన్న మేఘానికి ఈ జరుగుబాటు దాదాపు 5 కిలోమీటర్లు, 2 కిలోమీటర్ల ఎత్తు మేఘానికి 1 కిలోమీటరు లోపు. సిరిసిల్లకు 5 కిలోమీటర్ల దక్షిణాన ఉన్న ఉరుముల మేఘం చిత్రంలో పట్టణంపైనే నిలిచినట్లు కనిపించవచ్చు. మండలాల వారీగా హెచ్చరిక ఇచ్చేటప్పుడు ఈ సవరణ తప్పనిసరి.

ఉపగ్రహం తడబడే సందర్భాలు

మన ప్రాంతంలో అన్నిటికంటే ఎక్కువగా గమనించవలసిన పొరపాటు వరి నాట్ల వల్ల కలుగుతుంది. ఎండిన లేత రంగు దుక్కి కొద్ది వారాల్లో నీటి మడిగా మారి ముదురుతుంది, తర్వాత పచ్చబడుతుంది. నాట్లకు ముందున్న నేపథ్యాన్నే కొనసాగిస్తే, ముదురు మడిపై ఉన్న పలుచని మబ్బు పాత నేల రంగులో కలిసిపోయి లెక్కకు అందదు. కాకతీయ కాలువ కింది ఆయకట్టులో వానాకాలం, యాసంగి రెండు నాట్ల సమయాల్లోనూ ఈ జాగ్రత్త కావాలి. నేపథ్యాన్ని తరచుగా మార్చడమే దీనికి పరిష్కారం. కానీ 2022 జూలై రెండో వారం వంటి సందర్భంలో, ఉత్తర తెలంగాణను వర్షాలు రోజుల తరబడి వదలనప్పుడు, నిర్మలమైన పిక్సెల్ దొరకదు. అప్పుడు మేఘాన్నే నేలగా పొరబడే ప్రమాదం ఉంది. ముసురు కాలంలో నేపథ్య వ్యవధిని నెల వరకు పొడిగించి, నాట్ల కాలంలో తగ్గించడం విజ్ఞతగల మార్గం.

రెండవది, కొన్ని వందల మీటర్ల వెడల్పు మాత్రమే ఉండే చిన్న క్యుములస్ మేఘాలు. ఇవి పిక్సెల్‌లో సగం నింపినా హద్దును బట్టి పూర్తి మేఘంగానో, పూర్తి నిర్మలంగానో తేలుతాయి. మూడవది, పలుచని సిర్రస్. ఉష్ణ పరారుణంలో ఇది చల్లగా కనిపించి ఎనిమిది ఆక్టాలుగా లెక్కకు రావచ్చు, కానీ ఎండలో అధిక భాగాన్ని కిందికి వదులుతుంది. పంటకు అందే వెలుగే ప్రశ్న అయినప్పుడు మేఘ పటంపై ఆధారపడకుండా దృశ్యకాంతి ఛానెల్‌లోని తెలుపు తీవ్రతను, దాని నుంచి లెక్కించిన సౌరశక్తి సమాచారాన్ని చూడాలి.

నాలుగవది, రాత్రివేళ తక్కువ ఎత్తు మేఘం. దాని పైభాగపు ఉష్ణోగ్రత నేల ఉష్ణోగ్రతకు దగ్గరగా ఉండి తప్పించుకోవచ్చు. డిసెంబరు, జనవరి నెలల్లో యాసంగి నారుమడి చలికి గురయ్యేది నిర్మలమైన రాత్రుల్లోనే కాబట్టి ఈ పొరపాటు చిన్నది కాదు. ఐదవది, విషువత్తుల చుట్టూ కొన్ని వారాలపాటు అర్ధరాత్రి వేళ ఉపగ్రహం భూమి నీడలోకి వెళ్లే కాలం. ఆ సమయపు చిత్రాలు లేకపోవడం గానీ, నాణ్యత తగ్గడం గానీ సహజం. మార్చి, సెప్టెంబరు నెలల రాత్రి సగటులను లెక్కించేటప్పుడు ఎన్ని చిత్రాలు వాడామో పక్కన రాయాలి.

నేలతో సరిచూడడం

ఈ పొరపాట్లను పట్టుకోవడానికి మూడు పట్టణాల్లోనూ అనుకూలత ఉంది. పొలాసలో పరిశోధన స్థానం, వ్యవసాయ కళాశాల ఉన్నాయి. సిరిసిల్లలో వ్యవసాయ కళాశాల, కోరుట్లలో పశువైద్య కళాశాల ఉన్నాయి. ఆక్టా పరిశీలనకు పరికరం అక్కరలేదు కాబట్టి మూడు ప్రాంగణాల విద్యార్థులు ఒకే వేళ ఆకాశాన్ని చూసి నమోదు చేయగలరు. ఉదయం 7, మధ్యాహ్నం 2 గంటలకు తోడు ఉదయం 10, మధ్యాహ్నం 12, సాయంత్రం 4 గంటలను చేర్చితే ఐదు పరిశీలనలవుతాయి. జూలై నుంచి సెప్టెంబరు వరకు 92 రోజులు నమోదు చేస్తే ఒక్కో ప్రాంగణానికి 460 విలువలు సమకూరుతాయి. స్నాతకోత్తర విద్యార్థి పరిశోధనకు ఇది చక్కని పునాది.

పోల్చేటప్పుడు పాటించవలసిన నియమాలు కొన్ని ఉన్నాయి. పరిశీలకుడు ఉపగ్రహ చిత్రాన్ని ముందుగా చూడరాదు. పరిశీలన వేళకు దగ్గరి చిత్రాన్నే తీసుకోవాలి, తేడా పావుగంట మించరాదు. రెండు అంకెల తేడా ఒక ఆక్టా లోపు ఉంటే ఏకీభవించినట్లు భావించవచ్చు. సగటు తేడాను ఒక్కటే చూడకుండా, నేల చెప్పిన మబ్బును ఉపగ్రహం ఎన్నిసార్లు పట్టలేకపోయింది, లేని మబ్బును ఎన్నిసార్లు చూపింది అన్నవి విడిగా పట్టిక వేయాలి. ఎక్కువ, తక్కువ తప్పులు ఒకదానినొకటి రద్దు చేసుకుని సగటు తేడా సున్నా అయినా, ఆ లెక్క రైతుకు ఉపయోగపడకపోవచ్చు.

పొలాసలో ఎండ గంటల అట్టను గంటలవారీగా చదివి, అదే గంట ఉపగ్రహ మేఘావరణంతో పోల్చడం మరో మార్గం. వానకు తడిసిన అట్ట, సూర్యుడు దిగంతానికి దగ్గరగా ఉన్న వేళల్లో కాలని గీత ఇక్కడ పొరపాటుకు తావిస్తాయి. ఉదయం, సాయంత్రం మొదటి, చివరి అరగంటలను వదిలివేయడం మంచిది.

సలహాలోకి ఎలా చేరాలి?

విస్తరణ శాస్త్రవేత్త చేతికి 48 అంకెలు ఇస్తే ప్రయోజనం లేదు. పగటిని మూడు భాగాలుగా విభజించి మూడు అంకెలు ఇవ్వడం ఆచరణీయం. పొద్దు పొడిచినప్పటి నుంచి 9.20 వరకు, 9.20 నుంచి 3.20 వరకు, ఆ తర్వాత పొద్దు గుంకే వరకు. రాత్రికి మరొక అంకె. వీటి వినియోగం పంటను బట్టి మారుతుంది.

వానాకాలం వరికి నడిమి భాగపు అంకె ముఖ్యం. చిరుపొట్ట దశ మొదలైన నాటి నుంచి దానిని రోజూ నమోదు చేసి, గత సంవత్సరాలతో పోల్చాలి. నడిమి భాగం వరుసగా కమ్ముకుని ఉన్నప్పుడు పైపాటు నత్రజనిని వాయిదా వేయమనడం, పొట్ట దశ చివర ముసురు పట్టే సూచన ఉంటే మానిపండు తెగులు నివారణ పిచికారీని ఈనిక ముందే పూర్తిచేయమనడం సమయానుకూలమైన సలహాలు. వెన్నులపై పసుపుపచ్చని ఉండలు కనిపించిన తర్వాత చేసే పిచికారీతో పెద్దగా ఫలితం ఉండదు. అగ్గి తెగులు విషయంలో మబ్బుతోపాటు రాత్రి ఉష్ణోగ్రతను, ఆకుపై తడి నిలిచే వ్యవధిని కలిపి చూడాలి. మబ్బు ఒక్కటే కనిపించిందని మందు కొట్టమనడం రైతుకు అనవసర ఖర్చు.

పసుపు ఆరబోతకు పగటి మూడు అంకెలతోపాటు రాత్రి అంకె కావాలి. నిర్మలమైన రాత్రి మంచు కురుస్తుంది కాబట్టి కొమ్ములను సాయంత్రం కుప్పచేసి కప్పమని చెప్పాలి. మామిడి పూత కాలంలో దినాంతర మార్పు కీలకం. రెండు, మూడు రోజులు వరుసగా మబ్బు పెరుగుతుంటే తోటను పరిశీలించి పురుగు ఉనికిని బట్టి నిర్ణయం తీసుకోమనాలి.

యాసంగి ధాన్యానికి అరగంట మార్పే ప్రాణం. 2023 మార్చి, ఏప్రిల్ నెలల్లో కురిసిన అకాల వర్షాలు, వడగళ్లు తెలంగాణలో వరి, మొక్కజొన్న, మామిడి రైతులను నష్టపరిచాయి. కొనుగోలు కేంద్రాల్లో ధాన్యంలో తేమ 17 శాతం మించరాదు. ఆ తేమకు దించడానికి కల్లాల్లో, రోడ్ల పక్కన ఆరబోసిన ధాన్యం వానకు తడిస్తే రైతు మళ్లీ మొదటికి వస్తాడు. మధ్యాహ్నం పడమటి చదరంలో మేఘపు పైభాగాల ఉష్ణోగ్రత రెండు, మూడు చిత్రాల్లో వేగంగా పడిపోతుంటే మేఘం ఎదుగుతున్నట్లు అర్థం. ఆ సూచన గంట ముందు అందినా టార్పాలిన్లు కప్పడానికి వ్యవధి దొరుకుతుంది. అయితే చల్లని మేఘమంతా వర్షించదు, వర్షించినా అంతటా ఒకే విధంగా కురవదు. 2021 సెప్టెంబరు మొదటి వారంలో సిరిసిల్ల పట్టణం జలమయమైనప్పటిలా వర్షపు పరిమాణమే ప్రశ్న అయినప్పుడు రాడార్‌ను, నేలమీది వర్షమాపకాలను ఆశ్రయించాలి. మేఘావరణపు లెక్క వాటికి తోడు మాత్రమే.

ముగింపు

మేఘావరణం రోజుకు ఒక అంకెగా ఉన్నంతకాలం అది సలహా పత్రంలో ఒక వరుసను నింపుతుంది తప్ప నిర్ణయానికి ఆధారం కాదు. పగటిని భాగాలుగా చేసి చెప్పడానికి కావలసిన చిత్రాలు ప్రతి అరగంటకూ వస్తూనే ఉన్నాయి. వాటిని మన ప్రాంతపు నాట్ల కాలానికి, మడి నీటికి, ముసురు రోజులకు తగినట్లు సవరించి, మూడు ప్రాంగణాల ఆక్టా నమోదులతో, పొలాస ఎండ గంటల అట్టతో ఒక వానాకాలమైనా సరిచూడవలసి ఉంది. జూన్ నెలాఖరులోగా పరిశీలన వేళలపై మూడు కళాశాలల మధ్య అంగీకారం కుదిరితే, చిరుపొట్ట దశ మొదలయ్యే ఆగస్టు నాటికి తొలి నెల పోలిక చేతికి వస్తుంది.